నడుమున .32 పిస్టల్: తొమ్మిదేళ్లలో మాకు తెలిసివచ్చినవి

సింధనూరు, గంగావతి, సిరుగుప్ప వైపు తెలుగు క్యాంపుల్లో ఉండే మన బంధువులు, తోటి మిల్లుదారులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: "మీ దగ్గర పిస్టల్ ఉంది కదా, మేమూ అర్జీ పెట్టుకోమంటారా?" తుంగభద్ర కాలువల కింద భూములు కొని మన పెద్దలు ఇక్కడికి వచ్చిన రోజుల్లో చాలా ఇళ్లకు చుట్టుపక్కల మరో ఇల్లు ఉండేది కాదు. ఇప్పటికీ పొలాల మధ్య ఒంటరిగా ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు. వడ్ల సీజనులో డబ్బు సంచితో చీకటి పడ్డాక ఇల్లు చేరాల్సినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న.

మా ఇంట్లో .32 పిస్టల్ వచ్చి తొమ్మిదేళ్లయింది. లైసెన్సు మా పెద్దన్నయ్య పేరు మీద ఉంది. ఈ తొమ్మిదేళ్లలో దాని గురించి నేర్చుకున్నవి, చేసిన పొరపాట్లు, చట్టం చెప్పే సంగతులు అన్నీ ఒకచోట రాస్తే అర్జీ పెట్టబోయేవాళ్లకు పనికొస్తాయని ఈ వ్యాసం.

మన దేశంలో దొరికేవి ఏవి?

సినిమాల్లో చూసే 9 ఎంఎం పిస్టల్ మనకు రాదు. 9 ఎంఎం, .38 వంటి సైన్యం, పోలీసులు వాడే తూటాల తుపాకులను చట్టం నిషేధిత బోర్‌గా పరిగణిస్తుంది. మామూలు పౌరులకు జిల్లా కలెక్టరు, నగరాల్లో అయితే పోలీసు కమిషనరు ఇచ్చే లైసెన్సు .32, .22 వంటి వాటికే. 1980ల మధ్య నుంచి విదేశీ పిస్టళ్ల దిగుమతి దాదాపుగా మూసుకుపోయింది. అంతకుముందు వచ్చినవి ఇప్పటికీ చేతులు మారుతుంటాయి, ధర మాత్రం లక్షల్లో చెబుతారు.

కాబట్టి ఎక్కువమంది కొనేది దేశీయ ఆయుధ కర్మాగారాల సరుకే. పశ్చిమ బెంగాల్‌లో తయారైన అశని పిస్టల్, కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్ చాలాకాలంగా ఉన్నాయి. 2014లో టైటానియం మిశ్రమంతో చేసిన నిర్భీక్ రివాల్వర్ వచ్చింది. దాని బరువు అర కిలో దరిదాపుల్లో ఉంటుంది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టాక, 2023లో ప్రబల్ అనే రివాల్వర్ వచ్చింది. తూటాలు లేకుండా దాని బరువు 675 గ్రాములు. తూటాలేమో మహారాష్ట్రలో పుణె పక్కనున్న ఖడ్కీ కర్మాగారం నుంచి ఎప్పటి నుంచో వస్తున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. .32 పిస్టల్ తూటా, .32 రివాల్వర్ తూటా ఒకటి కావు. పిస్టల్ తూటా గొట్టం పొడవు 17 మిల్లీమీటర్లు, రివాల్వర్‌ది 23. రెండింటి పేరులోనూ .32 ఉన్నంత మాత్రాన ఒకదానిది ఇంకొకదానికి వాడకూడదు. కొనేటప్పుడు డబ్బా మీద ఏం రాసి ఉందో చదవాలి.

రోజూ కట్టుకు తిరిగితే

కొన్న కొత్తలో అన్నయ్య ఏ రోజూ మానకుండా కట్టుకునేవాడు. రెండు నెలలకు అసలు సంగతి తెలిసింది. మిల్లులో తూకం మీద పెట్టి చూస్తే తూటాలతో, హోల్‌స్టర్‌తో కలిపి ముప్పావు కిలో దాటింది. మాట వరసకు చిన్నదే కానీ, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే పక్క మోస్తే నడుము పట్టేస్తుంది. పంచె మీద అసలు నిలవదు. గట్టి తోలు బెల్టు, పాంటు, పైన వదులు చొక్కా తప్పనిసరి. మన వైపు ఎండాకాలంలో చెమటకు మూడు రోజుల్లో స్లైడ్ మీద తుప్పు చుక్కలు కనిపించాయి. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం పొడిబట్టతో తుడవడం, వారానికోసారి పల్చగా నూనె రాయడం అలవాటయింది.

.32 తూటాకు వెనక్కు తన్నే జోరు తక్కువే. గుళ్లను సరిగ్గా గురిపెట్టడం సాధనతో వస్తుంది. అయితే ఈ రకం చిన్న పిస్టళ్లలో స్లైడ్‌ను ముందుకు నెట్టే స్ప్రింగు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే తూటా జోరును ఆపేది ఆ స్ప్రింగు, స్లైడ్ బరువు మాత్రమే. మా అమ్మ రెండు చేతులతో లాగినా అది కదల్లేదు. "ఇది నా రక్షణకు ఎలా అవుతుందిరా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. చేతుల్లో పట్టు తక్కువున్నవాళ్లకు రివాల్వరే తేలిక.

సాధన గురించి కూడా చెప్పాలి. కొన్న మొదటి ఏడాది అన్నయ్య మొత్తం మీద పన్నెండు తూటాలు కాల్చాడు, అంతే. రేంజ్ దూరం, తూటాల ఖర్చు, తీరిక లేకపోవడం. ఏడాదిన్నర తరువాత రేంజ్‌కు వెళ్తే రెండో తూటా లోపలే ఇరుక్కుపోయింది. తుడవకుండా పేరుకున్న నూనె జిడ్డే కారణమని అక్కడి శిక్షకుడు చూపించారు. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజు అలా జరిగి ఉంటే? సాధన చేయనివాడికి పిస్టల్ అదనపు బరువు తప్ప మరేమీ కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాంకు, కోర్టు, బడి, గుడి, ఆసుపత్రి వంటి చోట్లకు తుపాకీతో వెళ్లనివ్వరు. మరి దాన్ని ఎక్కడ పెట్టాలి? కారు డాష్‌బోర్డులో పెట్టి తాళం వేయడం ఎంతోమంది చేసే పని. కారు అద్దం పగలగొట్టడానికి దొంగకు ఒక్క నిమిషం చాలు. ఆ తుపాకీతో రేపు జరిగే నేరానికి పోలీసులు ముందు తట్టేది మన తలుపునే. రోజూ కట్టుకుని తిరగడమంటే రోజూ ఈ లెక్క చూసుకోవడం.

ఒక సాయంత్రం జరిగింది

నాలుగో ఏట ఒక సాయంత్రం అన్నయ్య ఇంటికి వచ్చి, మ్యాగజైన్ తీసి పిస్టల్‌ను బీరువాలో బట్టల మీద పెట్టాడు. తాళం వేయలేదు. వదిన బట్టలు సర్దుతూ చూసి, "ఇందులో గుళ్లు లేవు కదా?" అని అడిగింది. "మ్యాగజైన్ తీసేశాను, ఖాళీయే" అన్నాడు. వదిన ఊరుకోలేదు. "నా ఎదురుగా చూపించు" అంది. స్లైడ్ లాగితే గొట్టంలో ఉన్న తూటా ఎగిరి నేల మీద పడింది. అప్పటికి పది నిమిషాల ముందు మా చిన్నవాడు అదే బీరువా దగ్గర ఆడుకుంటున్నాడు.

మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు. ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లైడ్ లాగి గొట్టం ఖాళీగా ఉందో లేదో కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఇదంతా గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి చేయాలి. ఆ మర్నాడే గోడలోకి బిగించే ఇనుప లాకర్ తెచ్చాం. తూటాలు వేరే తాళంలో ఉంటాయి. రెండు తాళాలు అన్నయ్య దగ్గరే.

ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేనప్పుడు, అప్పుల దిగులో గొడవలో నడుస్తున్నప్పుడు, తాగే అలవాటున్నప్పుడు తుపాకీ ఇంట్లో ఉండకూడదు. లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో పోలీసు స్టేషన్లోనో రసీదు తీసుకుని అప్పగించవచ్చు. అందులో నామోషీ లేదు.

సరిహద్దు దాటితే లైసెన్సు చెల్లుతుందా?

రాష్ట్ర సరిహద్దుల్లో బతికే మన తెలుగువాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. లైసెన్సులో అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసి ఉంటుంది: జిల్లా, రాష్ట్రం లేదా దేశమంతా. కర్ణాటక వరకే చెల్లే లైసెన్సుతో సిరుగుప్ప నుంచి ఆదోనికి పెళ్లికి వెళ్లినా, బళ్లారి నుంచి గుంతకల్లుకు వెళ్లినా, సరిహద్దు దాటిన క్షణం నుంచి అది లైసెన్సు లేని ఆయుధంతో సమానం. హోసూరులో ఉంటూ పొద్దున్నే బెంగళూరుకు వెళ్లేవాళ్లకూ, పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. యానాం సంగతి ఇంకా చిత్రం. చుట్టూ ఆంధ్రప్రదేశే కాబట్టి, పుదుచ్చేరి వరకే చెల్లే లైసెన్సుతో యానాం దాటి ఎటూ కదలడానికి లేదు.

బంధువుల ఇల్లు పది కిలోమీటర్లే కదా అనుకోవద్దు. అర్జీ పెట్టేటప్పుడే, పొరుగు రాష్ట్రానికి వ్యాపార పనుల మీద వెళ్లాల్సి వస్తుందని ఆధారాలతో రాసి అడగాలి. ఇవ్వకపోతే పిస్టల్ ఇంట్లో లాకర్లో పెట్టి బయలుదేరాలి.

"కర్ణాటకలో కొడగువాళ్లకు లైసెన్సు అక్కర్లేదట కదా" అని కొందరంటారు. ఆ మినహాయింపు కొడవ జాతివారికీ, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకూ మాత్రమే. కర్ణాటకలో ఎన్ని తరాలుగా ఉన్నా మనకు అది వర్తించదు.

లైసెన్సు మనిషికే కానీ కుటుంబానికి కాదు. అన్నయ్య పిస్టల్‌ను మేము నడుముకు కట్టుకుంటే నేరం. మరమ్మతుకో లైసెన్సు రెన్యువల్‌కో తీసుకెళ్లాల్సి వస్తే ఆయన రాసిచ్చిన అనుమతి పత్రం మా దగ్గర ఉండాలి.

పెళ్లిళ్లు, ఎన్నికలు

2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. వేడుకల్లో గాల్లోకి కాల్చినా, నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు అపాయం తెచ్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. గాల్లోకి వెళ్లిన గుండు గాల్లోనే ఉండిపోదు, ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఊరేగింపులో "ఒక్కటి పేల్చు బావా" అన్న మాటకు లొంగితే తుపాకీ పోతుంది, లైసెన్సు పోతుంది, కేసు మిగులుతుంది. బహిరంగ ప్రదేశంలో పిస్టల్ హోల్‌స్టర్‌లోనే ఉండాలి. తీసి చూపించడం, ఫోటోలు దిగి స్టేటస్ పెట్టడం కూడా ఇబ్బందే.

ఎన్నికల ప్రకటన రాగానే ఆయుధాలు అప్పగించమని పోలీసుల నుంచి కబురు వస్తుంది. ఎవరి ఆయుధం తీసుకోవాలో జిల్లా స్క్రీనింగ్ కమిటీ పరిశీలించి నిర్ణయించాలన్న పద్ధతి 2009 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు తరువాత స్థిరపడింది. నిజంగా ముప్పు ఉన్నవాళ్లు కారణం చూపి మినహాయింపు అడగవచ్చు. నోటీసు వచ్చాక మాత్రం ఆలస్యం చేయకుండా అప్పగించి, తుపాకీ నంబరు, తూటాల లెక్క రాసిన రసీదు తీసుకోవాలి. ఎన్నికలయ్యాక వెనక్కి తెచ్చుకునేటప్పుడు ఆ కాగితమే ఆధారం.

లైసెన్సుదారు పోయాక

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదేనని మాకు అనిపిస్తుంది. తాతగారి పేరు మీద ఉన్న తుపాకీ ఆయన పోయాక కూడా బీరువాలోనే ఉండిపోతుంది. "జ్ఞాపకంగా ఉంచుకున్నాం" అంటారు. లైసెన్సు ఆయనతోనే ముగిసింది కాబట్టి, ఆ తుపాకీ లైసెన్సు లేని ఆయుధమే. వెంటనే పోలీసు స్టేషన్లోనో వ్యాపారి దగ్గరో అప్పగించి, వారసుల్లో ఒకరు తమ పేరు మీద అర్జీ పెట్టుకోవాలి. మిగతా వారసుల అంగీకార పత్రాలు కావాలి.

2016 ఆయుధాల నిబంధనల్లో ఇంకో వీలుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరుకు మార్చమని అడగవచ్చు. పెద్దవాళ్లున్న ఇళ్లు ఈ పని ఇప్పుడే చేసుకుంటే మంచిది. అలాగే లైసెన్సు మీద యూఐఎన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. పాత పుస్తకాల్లో అది లేకపోతే వెంటనే కలెక్టరు కార్యాలయంలో అడగండి.

కాల్చాల్సి వస్తే

ఆత్మరక్షణ హక్కు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. దాని సారం ఒక్కటే: ముప్పును ఆపడానికి ఎంత అవసరమో అంతే. వీపు చూపించి పారిపోతున్నవాడిని కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టులో నిలబడడం కష్టం. లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చిన ప్రతి గుండుకూ క్షమాపణ దొరకదు. ప్రతి గుండుకూ మనం సమాధానం చెప్పుకోవాలి.

మరి తీసుకోవాలా?

ఈ తొమ్మిదేళ్లలో పిస్టల్ బయటకు తీయాల్సిన అవసరం మాకు ఒక్కసారి కూడా రాలేదు. మా భయాన్ని నిజంగా తగ్గించినవి వేరే ఉన్నాయి. మిల్లు చెల్లింపులన్నీ బ్యాంకు ఖాతాలకు మార్చాం. చీకటి పడ్డాక డబ్బుతో ఒంటరిగా బయలుదేరడం మానేశాం. ఇంటి చుట్టూ లైట్లు, కెమెరాలు పెట్టాం. పక్క క్యాంపు వాళ్లతో కలిసి ఫోను గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు పిస్టల్ వారంలో ఎక్కువ రోజులు లాకర్లోనే ఉంటుంది.

నిజమైన ముప్పు ఉండి, పోలీసులకు ఫిర్యాదు చేసిన ఆధారం ఉండి, రెండు నెలలకోసారైనా రేంజ్‌కు వెళ్లే ఓపిక, ఇంట్లో ఇనుప లాకర్ ఉంటే అర్జీ పెట్టండి. వీటిలో ఏది లేకపోయినా ఆ డబ్బుతో ముందు ఇంటికి మంచి తలుపు, మంచి లైట్లు పెట్టించుకోండి. పిస్టల్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ రాత్రి ఒక పని చేయండి: లైసెన్సు పుస్తకం తెరిచి గడువు తేదీ, చెల్లే ప్రాంతం ఏమని రాసుందో చూసుకోండి. ఆ తరువాత గొట్టం ఖాళీగా ఉందో లేదో ఇంట్లో ఇంకొకరి ఎదురుగా చూడండి. మా వదిన ఆ రోజు అడిగినట్టు మీ ఇంట్లో కూడా ఒకరు అడగాలి.