పొయ్యి పొగ... ఊపిరికి సెగ!

బీడీ ముట్టని ఇల్లాలికి నాలుగడుగులేస్తే ఆయాసం! 'వయసు మీదపడింది' అని సరిపెట్టుకుంటారు. ఏళ్లతరబడి పీల్చిన కట్టెల పొగే కారణం కావచ్చు.

1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాస్ తెచ్చినా... జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో కట్టెల పొయ్యి ఆరని ఇళ్లున్నాయి. ఇంటి పొగ 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మందిని బలిగొందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగలోని సన్నని నుసికి శ్వాసనాళాలు వాచి, ఇరుకవుతాయి. అదే సీవోపీడీ. ఉబ్బసం ఉన్నవారికీ, ఒకప్పుడు క్షయ వచ్చినవారికీ ముప్పెక్కువ.

స్పైరోమెట్రీ పరీక్షలో గట్టిగా ఊదిన మొత్తం గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే రావాలి. మందు పీల్చాకా అంతకు తగ్గితే నాళాలు ఇరుకైనట్టే.

పోయిన ఊపిరి పూర్తిగా తిరిగిరాదు. పొగకు దూరంగా ఉంటూ, డాక్టరు చెప్పిన ఇన్‌హేలర్ మానకుండా వాడితే... ఉన్నది నిలుపుకోవచ్చు!