మామిడితోటయు, మామిడితోట కథయు

నూజివీడు ప్రాంతమున మామిడి పూసినది మొదలు పండ్లు బండ్లకెక్కువరకు జరుగునదంతయు చూచిన యువకుడు దానిని కథగా వ్రాయబూనుట సహజము. "దేనిని గూర్చి వ్రాయుచున్నావు, నాయనా?" యని యడిగినచో "మామిడితోటలను గూర్చి" యనును. అది వస్తువు. తోటలను గూర్చి నీవు చెప్పదలచినదేమని మరల నడిగినచో పలువురు నిరుత్తరులగుదురు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానమే తాత్పర్యము.

వస్తువునకు ఒక నామవాచకము చాలును. తాత్పర్యమునకు క్రియ కావలయును. తోట పూతమీదనే గుత్తకు పోవును. కావలివాడు మండువేసవిలో కోతులను, చిలుకలను అదలించుచు గుడిసెలో కాపురముండును. పండు పక్వమునకు వచ్చునప్పటికి అది యతని ఊరిదే గాని యతనిది కాదు. చిన్నరసముల తీపిని ఎంత వర్ణించినను, కాపుకాచిన చేయి ఫలమునకేల నోచుకొనదను ప్రశ్న మెదలనిచో అది కథ కాదు, తోటల పట్టిక. ఆ ప్రశ్ననే కావలివానిచేత ఉపన్యాసముగా చెప్పించుటయు దోషమే. మన సంస్కరణ కథలు పెక్కు ఈ రోగముతోనే గతించినవి.

భరతుడు ఇతివృత్తమును నాట్యమునకు శరీరమనెను. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యమునకు ఆత్మ యనెను. నేడు 'ఇతివృత్తము' అను మాటనే రెంటికిని వాడుచున్నందున చిక్కు కలుగుచున్నది.

1897లో అచ్చయిన గురజాడవారి 'కన్యాశుల్కము'నకు వస్తువు ఆడపిల్లల నమ్ముకొను దురాచారము. ఆ యాచారము అడుగంటినది. వరకట్నము దాని పీఠమెక్కినది. నాటకమునకు మాత్రము ముసలితనము రాలేదు. సంస్కరణను నాలుకపైనే నిలుపుకొను గిరీశములకు ఏ కాలమునను కొదువ లేదు గదా!

'మాలపల్లి' సంగతి ఇంకను విచిత్రము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు దానిని రాయవెల్లూరు చెరసాలలో వ్రాసిరి; 1922లో అచ్చయినది. వస్తువు మంగళాపురపు మాలపల్లెలోని రామదాసు కుటుంబము. ఒక పేద కుటుంబపు కథకు సర్కారు ఏల బెదరవలెను? జాలికథలు ఏ దొరతనమునకును నిద్రాభంగము కలిగింపవు. కాని ఆ దైన్యము దైవనిర్ణయము గాదు, మనుష్యకల్పితము, కావున మనుష్యులే దానిని మార్పగలరని నవలయందంతటను ధ్వనించినది. చెన్నపురి ప్రభుత్వము నిషేధించినది ఆ ధ్వనిని. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప గాని ఆ నిర్బంధము పూర్తిగా తొలగలేదు. అలంకారశాస్త్రము చదువకున్నను ఆ యధికారులు తాత్పర్యమునే పట్టుకొనిరి. మన విమర్శకులు కొందరు ఇప్పటికిని దానిని "అస్పృశ్యతను గూర్చిన నవల" యని ఒక్క ముక్కలో తేల్చివేయుచున్నారు.