యుద్ధం ఆగింది.. బతుకు నిలబడిందా? దత్త మండలాలు చెబుతున్న 220 ఏళ్ల నాటి పాఠం

విడపనకల్లు (అనంతపురం జిల్లా): చేతిలో పట్టా, పొలానికి కొలత, జిల్లాకో కలెక్టర్.. విడపనకల్లు రైతుకు ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే అనిపిస్తాయి. కానీ కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఈ నల్లరేగడి నేలలో ఈ వ్యవస్థ వేళ్లూనుకున్నది వరుస యుద్ధాల తర్వాతే. యుద్ధంలో చితికిపోయిన ప్రాంతాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలి? ఎక్కడ తప్పితే మళ్లీ గొడవ మొదలవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ దత్త మండలాల చరిత్రలో జవాబు దొరుకుతుంది.

24 ఏళ్లలో నాలుగు జెండాలు

గుత్తి కోట 1776 దాకా మరాఠా నాయకుడు మురారిరావు చేతిలో ఉండేది. ఆ ఏడాది మైసూరు పాలకుడు హైదర్ అలీ దాన్ని గెలిచాడు. ఆయన తర్వాత కొడుకు టిప్పు సుల్తాన్ ఏలాడు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోగానే గుత్తి సీమ నిజాం వాటాకు వచ్చింది. ఏడాది తిరిగిందో లేదో మళ్లీ చేతులు మారింది. తనకు రక్షణగా ఉండే సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో దక్కిన ప్రాంతాలను నిజాం 1800 అక్టోబర్‌లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

నేటి అనంతపురం, కడప, బళ్లారి ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం అందులో ఉన్నాయి. అలా ఇచ్చేసిన సీమ కాబట్టే దత్త మండలాలు అనే పేరు వచ్చింది. 'రాయలసీమ' అనే పేరు వాడుకలోకి వచ్చింది 1928 నంద్యాల సభ తర్వాతే.

ఆయుధాలు ముందు.. లెక్కలు తర్వాత

కంపెనీ ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రోను పంపింది. ఆయన కింద నలుగురు సబ్ కలెక్టర్లు పనిచేశారు. అనంతపురాన్ని కేంద్రంగా చేసుకున్నా, మన్రో ఎక్కువ కాలం గుడారాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగాడు.

అప్పటికి సీమలో సుమారు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర వేల మంది సాయుధ బంట్లు. పన్ను ఎవరికి కట్టాలి, తగాదా వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది రైతుకే తెలియని పరిస్థితి. ఒకే ఊరి మీద రెండు మూడు వైపుల నుంచి వసూళ్లు. అందుకే మన్రో మొదట బంట్లను తగ్గించాలని పాలెగాళ్లపై ఒత్తిడి తెచ్చాడు. కాదన్నవాళ్ల మీదికి కంపెనీ సైన్యం వెళ్లింది. కొందరు సీమ వదిలి పారిపోయారు. లొంగినవాళ్లలో కొందరికి తవర్జీ, అంటే పెన్షన్, ఇచ్చారు. ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్లకు ఇనాం భూములు ఉండేవి.

ఈ కటువుతనాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు కూడా తప్పుబట్టారు. మన్రో మాత్రం తన పద్ధతిని సమర్థించుకున్నాడు.

33 అడుగుల గొలుసుతో..

రెండో అడుగు భూమి కొలత. 1802లో సర్వే మొదలైంది. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట. అలాంటివి 40 అయితే ఎకరా. పొలాన్ని కొలిచాక నేల రకాన్ని బట్టి తరం కట్టి, పన్ను నిర్ణయించారు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారు నేరుగా రైతుకే పట్టా ఇచ్చింది. ఇదే రైత్వారీ పద్ధతి. ఏటా జమాబందీలో లెక్క తేల్చేవారు.

రైతుకు దీనివల్ల లాభం ఏంటంటే.. ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది. కట్టింది కాగితం మీద ఉంటుంది. దారిన పోయే ప్రతి బలవంతుడికీ చెల్లించే బాధ తప్పుతుంది. కంపెనీకి దక్కిన లాభం ఇంకా పెద్దది. మన్రో ఉన్న ఏడేళ్లలో భూమి శిస్తు దాదాపు సగం మేర పెరిగింది.

అసలు చిక్కు ఇక్కడే

పన్ను రేటు ఎక్కువైంది. పంటలో దాదాపు 45 శాతం సర్కారుకే పోతోందని మన్రోనే తేల్చాడు. అప్పుడు తుంగభద్ర ఎగువ కాలువ లేదు. వానలు తప్పితే చెరువు, బావే దిక్కు. మూడో వంతుకు మించి తీసుకుంటే ఈ నేల తట్టుకోదని ఆయన అభిప్రాయం. పన్నును 25 శాతం తగ్గించాలని, బావుల కింద సాగుకు ఇంకొంత తగ్గించాలని 1807లో ప్రతిపాదించాడు.

ప్రభుత్వం ఒప్పుకోలేదు. మన్రో అదే ఏడాది ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1808లో దత్త మండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. విడపనకల్లు ప్రాంతం బళ్లారి కిందకు వెళ్లింది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. ఆ దశలోనే రైత్వారీని పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లనే గుత్తకు ఇచ్చారు. మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. పన్ను మాత్రం తగ్గలేదు. గుత్తదారులు చాలామంది దివాలా తీశారు, ఆ భారం తిరిగి తిరిగి సాగుదారు మీదే పడింది. మన్రో 1820లో మద్రాస్ గవర్నర్‌గా తిరిగొచ్చాకే తగ్గింపు అమలైంది. అంటే అవసరమని తెలిసిన మార్పు కోసం కరువు సీమ 13 ఏళ్లు ఎదురుచూసింది.

ఈలోగా న్యాయవ్యవస్థలోనూ మార్పులు వచ్చాయి. చిన్న తగాదాకు కూడా దూరాన ఉన్న జిల్లా కోర్టుకు వెళ్లాల్సి రావడంతో జనం ఇబ్బంది పడేవారు. 1816 నిబంధనలతో 10 రూపాయల లోపు దావాలను ఊరి మునసబే విచారించే వీలు కలిగింది. ఈ వారసత్వ గ్రామాధికారుల పద్ధతి 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా సాగింది.

11 రూపాయల పెన్షన్.. ఒక తిరుగుబాటు

ఆయుధం దించినవాళ్లకు ఇచ్చిన మాట ఏమైంది? కాలం గడిచేకొద్దీ పెన్షన్లకు వారసులు లేరంటూ ఆపేయడం, కట్టుబడి ఇనాంలు వెనక్కి తీసుకోవడం మొదలైంది. నొస్సం పాలెగాళ్ల వంశంతో సంబంధం ఉన్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల చిల్లర వచ్చేది. ఆగిపోయిన కుటుంబ పెన్షన్‌లో వాటా అడిగితే దక్కలేదు. 1846లో ఆయన తిరగబడి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. భూములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. 'సైరా' సినిమాతో ఈ కథ ఇంటింటికీ తెలిసింది. దాని వెనకున్న పెన్షన్, ఇనాంల లెక్క మాత్రం చాలామందికి తెలియదు.

ఇలాంటిదే 2003లో ఇరాక్‌లో జరిగింది. అమెరికా నేతృత్వంలోని పాలనా యంత్రాంగం ఆ ఏడాది మే నెలలో ఇరాక్ సైన్యాన్ని ఒక్క ఆదేశంతో రద్దు చేసింది. లక్షల మంది ఉపాధి పోయింది. నిరసనల తర్వాత భత్యం ప్రకటించినా అప్పటికే ఆలస్యమైంది. వారిలో కొందరు తిరుగుబాటు బృందాల్లో చేరారు.

తేలేది ఏంటి?

యుద్ధం తర్వాత కోర్టులు, కలెక్టరేట్లు, రికార్డులు కావాలి. అవి లేకపోతే పాలనే లేదు. కానీ అవి ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న. దత్త మండలాల్లో వాటిని కట్టింది ప్రధానంగా శిస్తు కోసం. అందుకే రికార్డులు త్వరగా తయారయ్యాయి, ఊరట ఆలస్యమైంది.

మన్రో 1827 జూలై 6న సీమ పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన్ను మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. ఆయన కొలిపించిన గుంట, ఇప్పించిన పట్టా ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. వాన లేని ఏడాది రైతు ఎంత భారం మోయగలడన్న లెక్కను మాత్రం ప్రతి ప్రభుత్వం ఇక్కడ మళ్లీ కొత్తగా వేసుకోవాల్సి వస్తోంది.