కామాఠీపురా: అర్ర, ఖోలీ, ఫ్లాటు

ముంబైలో కామాఠీపురా అనగానే జనానికి ఒక్క సంగతే గుర్తొస్తది. ఆ పేరు మాత్రం మనోళ్ళది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చిన కూలీలను బొంబాయిలో కామాఠీలు అన్నారు.

ఉన్న ఒక్క గదిని మా నాయనమ్మ ‘అర్ర’ అనేది. నాయనకు అది ‘ఖోలీ’. మా మనవడికి తెలిసింది ‘ఫ్లాటు’ ఒక్కటే.

ఇక్కడి పాత ఇళ్ళలో చాలావరకు పగడీ పద్ధతి: మొదట పెద్ద మొత్తం, ఆపైన నెలనెలా కొద్దిపాటి కిరాయి. 1999 నాటి మహారాష్ట్ర కిరాయి చట్టం దాన్ని ఒప్పుకున్నది. పాతది కూల్చి కొత్తది కడితే, రసీదు ఉన్నోళ్ళకు ఫ్లాటు. వాళ్ళ కింద నోటిమాట మీద ఉన్నోళ్ళు ఖాళీ చెయ్యాల్సిందే.

లోన్ల కాగితాలు చూసి రిటైరైనోణ్ణి, రసీదు విలువ నాకు తెలుసు. చిరునామా విలువ ఇంకా ముందే తెలుసు. ఉద్యోగ దరఖాస్తులో కామాఠీపురా రాయడానికి సిగ్గుపడి, దాదర్‌లోని మేనమామ ఇల్లు రాసిన. ఇప్పుడు అదే నేలను కోట్లలో లెక్కేస్తున్నారు.

చాల్‌లో అందరికీ ఒక్కటే నల్లా. దాని కాడ నిలబడే మేం తెలుగు నేర్చుకున్నం. ఫ్లాటులో ఎవరి నల్లా వాళ్ళదే. ఆ తెలుగుకు రసీదు లేదు. మీ ఇంట్లో ముసలోళ్ళు గదిని ఏమంటరో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.