చీలిన తోట, చీలని పేరు

ఫ్రాన్సుదేశమందలి బర్గండీ సీమలో క్లో ద వూజో అను ద్రాక్షతోట కలదు. క్లో అనగా గోడకట్టిన తోట. 12వ శతాబ్దమున సీతో మఠపు సన్న్యాసులు దీనిని పెంప మొదలిడిరి. 14వ శతాబ్దమునకు చుట్టును రాతిగోడ పూర్తియయ్యెను. విస్తీర్ణము సుమారు 125 ఎకరములు. విప్లవకాలమున తోట మఠము చేతినుండి పోయినను 1889 వఱకు ఒక్క కమతముగనే నిలిచెను. ఆ యేట ఆఱుగురు వర్తకులు దానిని కొని పంచుకొనిరి. పిమ్మట భాగములు మఱల చీలి, నేడు హక్కుదారులు సుమారు ఎనుబదిమంది యైరి. కొందఱికి కొలది సాళ్లే కలవు.

ఇచ్చట పీనో న్వార్ అను నల్లద్రాక్షనుండి ఎఱ్ఱని ఆసవము తీయుదురు. మెఱకభాగము సున్నపురాతి గరపనేల, నీరు నిలువదు. బాటదాపున నున్న పల్లము జిగటనేల. వానలకు నెమ్ము విడువదు. అయినను రెండుచోట్ల సరుకును ఒక్క పేరుననే అమ్ముడగును. కావుననే తెలిసినవారు సీసాపై తోటపేరుతోబాటు రైతుపేరును చూచి కొందురు.

భూమి పంపకమైనను పేరు ఉమ్మడిసొత్తుగనే మిగిలినది. ఒకరు నాసిసరుకు పంపినచో ఆ మచ్చ అందఱికిని అంటును. సంఘముద్రతో సరుకమ్ము మనమును ఈ సంగతి మఱువరాదని మా మనవి.