పురపాలక సభకు పోటీ చేయుదమా?

మంచినీటి కుళాయి రెండు దినములు రాకపోయినను, మురుగుకాలువ పొంగి వాకిటిలోనికి వచ్చినను వీధిలో నలుగురు చేరి అనుకొను మాట ఒకటి కలదు: "మనలోనే ఎవరైన కౌన్సిలుకు నిలబడిన బాగుండును." ఆ మాట విని కొందరు ఉత్సాహపడుదురు, మరికొందరు "మనకెందుకు?" అని తలుపు వేసికొందురు. రెండును తొందరపాటే. ఆ పదవి ఎట్టిదో తెలిసికొనిన పిమ్మట నిర్ణయించుకొనుట మేలు.

పురపాలన మనకు క్రొత్త కాదు. భీమునిపట్టణమున 1861 లోనే పురపాలక సంఘము ఏర్పడినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిష్టరు చదువునకు ఇంగ్లండు వెళ్లకముందే రాజమహేంద్రవరము పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. అయినను ఈ సభలకు రాజ్యాంగమున స్థిరమైన స్థానము లభించినది 74వ సవరణ వలననే. అది 1993 జూన్ 1న అమలులోనికి వచ్చినది. అయిదేండ్ల కాలపరిమితి, రాష్ట్ర ఎన్నికల సంఘము ఆధ్వర్యమున ఎన్నికలు, స్త్రీలకు మూడవవంతునకు తగ్గని స్థానములు దాని ఫలములు. తెలుగు రాష్ట్రములు రెండును స్త్రీల వాటాను సగమునకు పెంచినవి.

ఇక అర్హత. అభ్యర్థికి 21 ఏండ్లు నిండియుండవలెను. ఆ పట్టణపు ఓటర్ల జాబితాలో పేరుండవలెను. పురపాలక సంఘముతో కాంట్రాక్టులు ఉన్నవారును, పన్ను బకాయిపడినవారును ముందుగానే చట్టము చూచుకొనుట మంచిది. అనర్హతల నియమములు అప్పుడప్పుడు మారుచుండును గనుక నామినేషను నాటికి అమలులోనున్న వానినే ప్రమాణముగా గైకొనవలెను. మరియొక చిక్కు రిజర్వేషను. పదేండ్లు పాటుపడిన వార్డు ఎన్నికల ముంగిట మరియొక వర్గమునకు కేటాయింపబడవచ్చును. పదవి లేకున్నను ఆ వీధుల పని చూడగలవారికే ఈ ఆశాభంగము ఓర్చుకొనదగినదగును.

గెలిచిన సభ్యుడు ఏమి చేయగలడు? ఇదియే అసలు ప్రశ్న. కార్యనిర్వహణాధికారము కమిషనరుది. సభ్యుడు ఒంటరిగా ఒక దీపస్తంభమునైనను నాటింపజాలడు. అతనికున్న సాధనములు మూడు: సభలో ప్రశ్న, తీర్మానము, బడ్జెటుపై ఓటు. "గెలిచిన మరునాడే మీ కాలువ కట్టింతును" అని మాట ఇచ్చువాడు తనది కాని సొమ్మును దానము చేయుచున్నాడన్నమాట. పైగా మన పట్టణములలో ఈ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరుగుచున్నవి. పార్టీ టిక్కెట్టుపై గెలిచినవారు చైర్‌పర్సను ఎన్నిక వంటి సందర్భములలో విప్‌నకు లోబడవలసి యుండును. స్వతంత్రుడుగా నిలిచిన ఆ బంధము లేదు, బలగమును లేదు.

అధికారము స్వల్పమైనను బాధ్యత స్వల్పము కాదు. తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టము, వార్డులో నాటిన మొక్కలలో 85 శాతము బ్రదుకునట్లు చూచు భారమును వార్డు సభ్యునిపై కూడ ఉంచినది.

అన్నిటికంటె కఠినమైనది పన్ను మాట. ఆస్తిపన్ను, ఖాళీస్థలముల పన్ను, నీటి రుసుము, గృహనిర్మాణ అనుమతుల రుసుము, ప్రభుత్వ గ్రాంట్లు: పురపాలక సంఘపు బొక్కసము ముఖ్యముగా వీనితోనే నిండవలెను. చీరాల, పేరాల గ్రామములను పరప్రభుత్వము 1919 లో పురపాలక సంఘముగా చేసినపుడు, పన్నుల భారము మోయలేమని ప్రజలు ఎదురుతిరిగిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921 లో ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు 11 నెలలు నివసించిరి. ఆనాడు పన్ను వేసినవారు వేరు, కట్టినవారు వేరు. నేడు ఆ ఇద్దరి నడుమ నిలుచువాడు వార్డు సభ్యుడు. పొరుగింటివారి ముఖము చూచి, "కాలువ కావలెనన్న పన్ను కట్టవలెను" అని చెప్పి, కట్టిన ప్రతి రూపాయికిని లెక్క అడుగుట అతని ధర్మము. ఎదురింటివారు అరుగు మీదికి అక్రమముగా గోడ జరిపినపుడును స్నేహము కొరకు కన్నుమూసికొనరాదు. ఈ రెండు పనులును చేయగల ధైర్యము ఉన్నదా అని ఎవరికి వారు పరీక్షించుకొనవలెను.

ఈ నిర్ణయము ఇంటివారితో కూర్చుండి చేయవలసినది. ఎన్నికల వ్యయము ఎంత, అది ఎక్కడినుండి వచ్చును అని ముందే కాగితముపై వ్రాసికొనుట అవసరము. ఇల్లు తాకట్టు పెట్టి గెలిచినవాడు తరువాత అయిదేండ్లు ఆ అప్పు వైపే చూచును. వార్డు వైపు చూడడు. ఖర్చుల లెక్కలు గడువులోగా సమర్పింపకున్న అనర్హత కూడ సంభవించును. గృహిణి నిలబడిన, సభలో ఆమెయే కూర్చుండవలెను, ఆమెయే మాటాడవలెను. సంతకము ఆమెది, పెత్తనము భర్తది అయినచో ఆమెకు ఓటు వేసిన వారిని వంచించినట్లే.

పోటీ చేయదలచినవారు ఎన్నికలు రాకముందే కొన్ని నెలలు ఒక అభ్యాసము చేసి చూడవచ్చును. తమ పట్టణపు బడ్జెటు సంపాదించి చదువుడు. తమ వార్డు మురుగునీరు ఎటు పోయి ఎక్కడ కలియునో నడిచి చూడుడు. ఒక వీధిదీపము కొరకు కార్యాలయమునకు ఎన్ని మారులు తిరుగవలసి వచ్చునో తెలిసికొనుడు. ఆ తిరుగుటలో విసుగు పుట్టినవారు మంచి ఓటర్లుగా ఉండి ప్రశ్నించుటయే మేలు, అదియును పురసేవయే. తిరుగుచున్నకొలది పట్టుదల పెరిగినవారు మాత్రము సంకోచింపక నామినేషను పత్రము నింపవచ్చును.