పెళ్లి విందులో పాటల ఎంపిక: లయ, జ్ఞాపకం, శబ్దం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెళ్లి నేడు రెండు ఘట్టాలుగా జరుగుతున్నది. మొదటిది సుముహూర్తం. దానికి పురోహితుడున్నాడు, పంచాంగమున్నది; ఏ మంత్రం తరువాత ఏ మంత్రమో పెద్దలు ఏనాడో నిర్ణయించారు. రెండవది సాయంకాలపు రిసెప్షన్. దానికి శాస్త్రమేదీ లేదని అందరి నమ్మకం. అందుచేత పాటల జాబితాను వధూవరుల స్నేహితులకో, డీజేకో అప్పగించి పెద్దలు ఊరుకుంటారు. ఫలితం తరచుగా ఒకే తీరున ఉంటుంది. పాతికమంది యువతీయువకులు హాలు మధ్యలో గెంతుతూ ఉంటారు. తల్లిదండ్రులు గోడ వారన నిలబడి ఫోటోలు తీస్తూ ఉంటారు. మనుమరాలి పెళ్లి చూడాలని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో విమానాలు మారి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా స్పీకరు పక్క బల్ల వద్ద చెవులు మూసుకొని కూర్చుంటారు. ఈ మూడు తరాలూ మళ్లీ ఒక్కచోట చేరేది ఎన్నడో చెప్పగలవారు లేరు.

నిజానికి ఈ రెండవ ఘట్టానికీ శాస్త్రం ఉన్నది. లయకు, మెదడుకు, జ్ఞాపకానికి గల సంబంధం గురించి ఇటీవలి దశాబ్దాలలో తెలిసిన విషయాలు కొన్నింటిని పాటల ఎంపికకు ఎట్లా అన్వయించుకోవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కాలు ఎందుకు ఆడుతుంది?

పాట వినగానే కాలు దానంతట అది ఆడటం చాపల్యం కాదు. అది మెదడు స్వభావం. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే శాస్త్రజ్ఞులు కదలకుండా పడుకొని దరువు వింటున్నవారి మెదళ్లను చిత్రించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. దరువులో తాళం స్పష్టంగా ఉన్నప్పుడు, శరీర చలనాన్ని నడిపించే బేసల్ గాంగ్లియా వంటి భాగాలు చురుకుగా పనిచేశాయి. అనగా వినడంలోనే సగం నాట్యం ఇమిడి ఉన్నది. 2009లో ఇష్ట్వాన్ వింక్లర్ బృందం మరొక అడుగు ముందుకు వేసింది. పుట్టి రెండు మూడు రోజులైన శిశువులకు నిద్రలో డ్రమ్ముల దరువు వినిపిస్తూ, నడుమ ముఖ్యమైన దెబ్బ ఒకటి లేకుండా చేస్తే, ఆ పసి మెదళ్లు లోటును పసిగట్టాయి.

అయితే ప్రతి దరువూ మనిషిని లేపి నిలబెట్టదు. దెబ్బ పడవలసిన చోట పడకుండా, ఎదురుచూడని చోట పడటం దరువుకు చమత్కారం ఇస్తుంది. ఆ చమత్కారం బొత్తిగా లేకపోతే విసుగు పుడుతుంది. మితిమీరితే తాళమే చిక్కదు. నడిమి రకం దరువులకే నాట్యం చేయాలనే కోరిక అధికంగా కలుగుతుందని మరియా విటెక్ బృందం 2014లో చూపింది. కనుక చెవికి ఎంత కొత్తగా, గొప్పగా ఉన్నా, చిక్కు దరువుల పాటలను భోజనాల వేళకు ఉంచుకోవడం మంచిది.

కాలప్రమాణం

పాట నడిచే వేగాన్ని మన సంగీతజ్ఞులు కాలప్రమాణం అంటారు. డీజేలు దానినే నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కిస్తారు. మనుషుల తలలకు చిన్న పరికరాలు అమర్చి, రోజంతా వారి కదలికలను కొలిచిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. మన సహజ చలనం సెకనుకు రెండుసార్లు, అనగా నిమిషానికి సుమారు 120 సార్లు జరుగుతుందని అందులో తేలింది. డిస్కో పాటలలో చాలావరకు ఈ వేగానికి దగ్గరగా ఉండటం కాకతాళీయం కాదు. మనలోని వైద్యులకు మరొక ఉదాహరణ పరిచితమే. గుండె ఆగినవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ వేగం గుర్తుండటానికి 1977 నాటి ‘స్టేయిన్ అలైవ్’ పాటను శిక్షణలో వినిపిస్తారు.

ఏ పాటకైనా కాలప్రమాణం కొలవటం సులభం. గడియారం ముందు పెట్టుకొని 15 సెకన్లలో ఎన్నిసార్లు కాలు తడుతున్నామో లెక్కించి, 4తో గుణిస్తే చాలు. వేగాలు తెలిసిన తరువాత, దగ్గర దగ్గర వేగాలున్న మూడు నాలుగు పాటలను ఒక గుత్తిగా కూర్చాలి. 100 దెబ్బల పాట ముగియగానే 150 దెబ్బల పాట మొదలైతే, అప్పుడే ధైర్యం చేసి లేచిన పెద్దలు తిరిగి కుర్చీలు వెతుక్కుంటారు.

వేగంతో పాటు గతిని కూడా గమనించాలి. పాశ్చాత్య జనరంజక సంగీతం అధికంగా ‘తకధిమి’ అనే చతురశ్ర గతిలో నడుస్తుంది. మన జానపద బాణీలలో ‘తకిట’ అనే తిశ్ర గతి విరివిగా వినిపిస్తుంది. 2023లో ఆస్కార్ పొందిన ‘నాటు నాటు’ పాట నడక కూడా ఇటువంటిదే. వధువు సహాధ్యాయులైన అమెరికన్ అతిథులకు ఇది కొత్తగా తోచినా, అడుగు పడవలసినది ప్రతి ‘తకిట’లో మొదటి అక్షరం మీదనే. అందుచేత అడుగుల వేగం ఒకటే అయితే, చతురశ్ర గతి పాట వెనుక తిశ్ర గతి పాట వచ్చినా ఎవరి కాలూ తడబడదు.

ఏ వయసుకు ఏ పాట?

మనిషికి తన కౌమార, యౌవనాల నాటి సంగతులే అధికంగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా కాలంగా చెబుతున్నారు. పాటల విషయంలో హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే పరిశోధకులు 1989లో ఒక లెక్క కట్టారు. తమకు సుమారు 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటలే జనానికి మిక్కిలి ప్రీతిపాత్రమైనవని వారు కనుగొన్నారు. దీనిని బట్టి అతిథుల పుట్టిన సంవత్సరాలకు 15 నుంచి 25 కలిపితే, వారి పాటల కాలం దొరుకుతుంది. 1965లో పుట్టిన తండ్రికి 1980 నుంచి 1990 వరకు. 1997లో పుట్టిన వధువుకు 2012 నుంచి 2022 వరకు. 1940లో పుట్టిన తాతయ్య పాటలు ‘మాయాబజార్’ వచ్చిన 1957 ప్రాంతానివి. అవి నాట్యానికి కాక ఆలకించటానికి పుట్టినవి. భోజనాల వేళ మెల్లగా వినిపిస్తే ఆ బల్లల వద్ద ముఖాలు వికసిస్తాయి.

తల్లిదండ్రులకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఉన్నది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కారల్ క్రమ్‌హాన్స్ల్ 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఇరవై ఏళ్ల యువకులకు తమ కాలపు పాటలతో పాటు తమ తల్లిదండ్రుల యౌవనం నాటి పాటల మీద కూడా మమకారం ఉంటుంది. ఇంట్లోనూ కారులోనూ మోగిన పాటలు పిల్లల జ్ఞాపకాలలో కలిసిపోతాయి కదా! ఇందుకు మనకు సిద్ధంగా ఉన్న వారధి ‘బంగారు కోడిపెట్ట’. కీరవాణి స్వరకల్పనలో 1992 నాటి ‘ఘరానా మొగుడు’లో చిరంజీవి నర్తించిన ఈ పాటకు, 2009లో ‘మగధీర’లో ఆయన కుమారుడు రామ్‌చరణ్ నర్తించాడు. తండ్రీ కూతురూ చెరొక చిత్రాన్ని తలచుకుంటూ ఒకే పాటకు అడుగు వేయవచ్చును.

మాట కూడా ముఖ్యమే

ఇక్కడ పెరిగిన పిల్లలలో చాలామంది తెలుగు పాటను ముందుగా లయను బట్టి ఎంచుకుంటారు. పెద్దలు ముందుగా మాటను వింటారు. దరువు ఉత్సాహంగా ఉన్నదని ఎన్నుకున్న పాటలో ద్వంద్వార్థాలు దొర్లితే, వియ్యాలవారి ఎదుట అందరికీ ఇబ్బంది. విరహమో వియోగమో హుషారైన బాణీలో పాడిన పాటలూ ఉన్నాయి. కావున జాబితా సిద్ధమైన తరువాత, తెలుగు బాగా తెలిసిన వారొకరు సాహిత్యం మొత్తం ఒకసారి వినటం అవసరం. దీనిని పిల్లల అభిరుచిపై తీర్పుగా కాక, భాషలో వారికి చేసే సహాయంగా భావించాలి.

చెవుల సంగతి

సాధారణ సంభాషణ 60 డెసిబెల్‌ల ప్రాంతంలో ఉంటుంది. పనిచేసే చోట 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి భరించరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకూ ఈ గడువు సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్‌లకు మిగిలేది 15 నిమిషాలు మాత్రమే. రిసెప్షన్ నాలుగు గంటలు సాగుతుందని మరువరాదు. వయసు పైబడిన చెవి మొదట కోల్పోయేది తారస్థాయి ధ్వనులను. ఆ స్థితిలో పెద్ద శబ్దం నడుమ ఎదుటివారి మాట అసలే అందదు.

ఉత్సాహానికి హోరు అనివార్యం కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక కచేరీలో, చెవికి స్పష్టంగా తెలియని అతి మంద్ర ధ్వనులను మధ్య మధ్య విడుదల చేశారు. ఆ సమయాలలో శ్రోతల కదలికలు దాదాపు 12 శాతం పెరిగినట్లు 2022లో ప్రకటించారు. కనుక మంద్రాన్ని నిలిపి, మొత్తం శబ్దాన్ని తగ్గించమని డీజేను కోరవచ్చును. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. గోడల మధ్య అంతకంటె తక్కువే తగ్గుతుంది. అయినా వృద్ధుల, పసిపిల్లల బల్లలను స్పీకర్లకు దూరంగా వేయించటం వల్ల మేలున్నది.

వరుస

ఇక మిగిలినది కూర్పు. చికాగోలో వేసవి రాత్రి 9 గంటలైతే భారతదేశంలో మరునాటి ఉదయం 7:30. వారం క్రితం దిగిన తాతయ్యకు అది నిద్రలేని రాత్రి ముగిసిన వేళ. ఆయన కూర్చోగలిగిన మొదటి గంటలోనే ఆయనకు తెలిసిన పాటలు రావాలి. తరువాత తల్లిదండ్రుల కాలం, ఆపైన రెండు తరాలకూ వారధి వంటి పాటలు, చివరకు యువకుల ద్రుతగతులు. పాట సగటున నాలుగు నిమిషాలనుకుంటే, 12 పాటలకు 48 నిమిషాలు పడుతుంది. ప్రతి గుత్తికీ చివర ఒక నెమ్మది పాట ఉంటే అలసట తీరుతుంది.

అందరూ ఒకే అడుగు వేసే నృత్యం కనీసం ఒకటి తప్పక ఉండాలి. బ్రెజిల్ విద్యార్థులతో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు చేసి 2015లో వెల్లడించిన ప్రయోగంలో, ఒకే కదలికలు ఒకేసారి చేసినవారికి నొప్పిని ఓర్చుకొనే శక్తి, పరస్పర సాన్నిహిత్యం రెండూ పెరిగాయి. మనకు కోలాటం ఉన్నది, బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగు ఉన్నది. రెండూ నడక వేగంలో మొదలుపెట్టవచ్చు; అమ్మమ్మకు తెలుసు, అమెరికన్ అతిథికి రెండు నిమిషాలలో నేర్పవచ్చు.

పెళ్లికి నెల రోజుల ముందు అమ్మమ్మకు, తాతయ్యకు ఫోను చేసి, వారి యౌవనంలో ఏ పాటలు మోగేవో అడిగి వ్రాసుకోవలసిందిగా వధూవరులకు మా సలహా. జాబితాలో మొదటి పేజీ అక్కడే సిద్ధమవుతుంది.